రెండు పెట్టెలు, ఒక ఒడిబియ్యం మూట

బెంగుళూరు ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి తెలుగు పిల్లే. మా మాట విని నవ్వుతూ "మీదే ఊరండీ?" అని అడిగింది. "యాడికి" అన్నాను. "ఎక్కడికని కాదండీ, ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతున్నా" అంది. మా ఊరి వాళ్లకు ఇది కొత్త కాదు. బస్సు కండక్టర్ల దగ్గర మొదలుపెట్టి బ్యాంకు మేనేజర్ల దాకా అందరితోనూ ఈ తిప్పలు పడినవాళ్లమే. "తాడిపత్రి దగ్గర అక్కా, ఊరి పేరే యాడికి" అని మా పాప సర్దిచెప్పింది. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు పెద్ద పెట్టెను తూకం మీద పెట్టేదాకానే. అంకెలు తిరిగి తిరిగి 26.4 దగ్గర నిలబడ్డాయి.

పెట్టెకు 23 కేజీలే. రెండో పెట్టె 19.5. నేను వెంటనే నోటిలెక్క వేసి, "రెండూ కలిపితే నలభై ఆరు లోపే కదమ్మా" అన్నాను. "కలపకూడదండీ, దేనికదే" అంది ఆ పిల్ల. పోనీ ఇందులోవి అందులోకి మారుద్దాం అనుకునేలోపు "చేతిసంచి కూడా పెట్టండి" అంది. అది పదకొండు కేజీలు తూగింది. ఉండాల్సింది ఏడు.

ఆ తర్వాత జరిగింది రాయాలంటే ఇప్పటికీ మొహం చిన్నబోతుంది. పెళ్లయి నాలుగు నెలలైన పిల్ల, మొగుడి దగ్గరికి మొదటిసారి దేశం దాటి పోతున్న పిల్ల, నేల మీద మోకాళ్లూని పెట్టె తెరిచింది. వెనక యాభై మంది వరస. అందరి ముందరా దాని లోపలి బట్టలు, నెలసరి ప్యాడ్ల కట్టలు, నేను పొట్లాలు కట్టిన ఊరుబిండి, నిప్పట్లు, అన్నీ బయటపడ్డాయి. నేను కొంగు అడ్డం పెట్టి కూర్చున్నాను. మా ఆయన కార్డు చేతిలో పట్టుకొని "కట్టేద్దాం పోనీ" అన్నాడు. వాళ్లు అడిగిన డబ్బు మా వీధిలో నెల ఇంటిబాడుగ కన్నా ఎక్కువ. పాప ఒప్పుకోలేదు. ఏ విమానం వాళ్లో పేరు చెప్పను. వాళ్లు రాసిపెట్టుకున్న నియమమే చెప్పారు. అది తెలియకపోవడం మా తప్పే.

అయితే ఎందుకు తెలియలేదు? ఇన్నాళ్లుగా నన్ను తొలుస్తున్నది ఈ ప్రశ్నే.

మా ఇంట్లో పెట్టెలు సర్దింది నేనూ, మా అత్తా, పాపా. మూడు వారాలు సర్దాం. బుడ్డలు వేయించింది మేము, పొడులు కొట్టింది మేము, ఏది పైన ఏది కింద అని పేచీలు పడింది మేము. టికెట్టు మాత్రం మా ఆయన ఫోన్లో ఉంది. అల్లుడు పంపాడు, మా ఆయన చూసుకున్నాడు, అంతే. దాని మీద ఏం రాసుందో సర్దుతున్న ముగ్గురిలో ఒక్కరం కూడా చదవలేదు. చదవాలనే ఆలోచన కూడా రాలేదు. టికెట్టు, పాస్‌పోర్టు, వీసా మగవాళ్ల ఖాతా. పెట్టె, పచ్చడి, కన్నీళ్లు మన ఖాతా. నియమం ఒకరి దగ్గర, సామాను ఇంకొకరి దగ్గర ఉంటే ఆ రెండూ మొదటిసారి కలుసుకునేది కౌంటర్ దగ్గరే. నా మట్టుకు నాకు ఎక్స్‌ట్రా లగేజీ డబ్బులన్నీ పుట్టేది ఈ సందులోనే అనిపిస్తుంది.

మరి మేము దేన్ని నమ్మామంటారా? మా ఆయన పెదనాన్న కొడుకు కొడుకు అమెరికాలో ఉన్నాడు. ఆ పిల్లవాడు ఎప్పుడో చెప్పిన మాట ఇంట్లో వేదంలా తిరుగుతూ ఉండేది: "చేతిసంచి ఎవరూ తూచరు, బరువైనవన్నీ అందులో పెట్టుకోండి." ఆయన పోయిన రోజున తూచలేదేమో. ఆ మాట పట్టుకొని మా అత్త ఆఖరి నిమిషంలో చిన్న రాతి రోలు తెచ్చి చేతిసంచిలో దించింది. అల్లం దంచుకోవడానికట. విమానంలో తలకాయంత రాయి చేతిలో పట్టుకొని కూర్చోనిస్తారా అని ఒక్కరికీ తట్టలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. తూకం వెయ్యకుండా ఏమీ పోలేదు మేము. ఊళ్లో బుడ్డల వ్యాపారి దగ్గర కాటా ఉంటే పెద్ద పెట్టెను అక్కడికి మోసుకుపోయి తూపించాం. సరిగ్గా ఇరవై మూడు చూపించింది. బెంగుళూరులో ఇరవై ఆరున్నర దగ్గరికి వచ్చింది. నేను ఎవరి మీదా నింద వెయ్యడం లేదు. రైతు బుడ్డలు తూచే కాటా కదా, తక్కువ చూపించడం దానికి అలవాటైపోయి ఉంటుంది.

ఊరికి తిరిగొచ్చాక మా వీధి చివర కువైట్ అక్క దగ్గర కూర్చొని ఇదంతా చెప్పుకున్నాను. పన్నెండేళ్లు కువైట్లో ఒక ఇంట్లో పని చేసి వచ్చిన మనిషి. కడప, రాయచోటి, కదిరి వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు అట్లా పోయి సంసారాలు నిలబెట్టారు. అయిదో తరగతి దాటని ఆమె, బీఏ తెలుగు చదివిన నాకు పాఠం చెప్పింది. "టికెట్లో కేజీలు రాసుంటే ఒక లెక్క, పెట్టెలు రాసుంటే ఇంకో లెక్క మ్మా. మా గల్ఫ్ టికెట్లో 30 కేజీలంటే మొత్తం 30. ఒక దాంట్లో ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ ఉన్నా పెద్దగా గొడవ ల్యా. మీ అమెరికా టికెట్ అట్ల కాదు, దేనికదే." అయిదు ముక్కల్లో తేల్చేసింది.

అప్పుడు మా ఆయన ఫోన్ తీసుకొని టికెట్టు తెరిచి చూశాను. ఒక మూల చిన్న అక్షరాల్లో "2 పీసీ" అని ఉంది. అంతే. కాలేజీలో సంఖ్య ముందుంటే ద్విగు సమాసం అని చదువుకున్నాం. ముల్లోకాలు, నవధాన్యాలు, అన్నింటికీ విగ్రహవాక్యాలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. "రెండు సంఖ్య గల పెట్టెలు, ఒక్కొక్కటి 23 కేజీలు మించనివి" అని ఈ ఒక్క సమాసాన్ని విడదీసి ఉంటే పిల్ల నేల మీద కూర్చునేది కాదు.

అందుకే అక్క దగ్గర నేర్చుకున్నదీ, ఆ తర్వాత నేను కూర్చొని చదివి తెలుసుకున్నదీ మీతో చెప్పుకుంటాను. అమెరికా, కెనడా దారుల్లో ఎక్కువగా పెట్టెల లెక్కే. మామూలు టికెట్‌కి సాధారణంగా రెండు పెట్టెలు, పెట్టెకు 23 కేజీలు, అంటే వాళ్ల లెక్కలో 50 పౌండ్లు. మా అత్తకి కేజీల్లో చెబితే పట్టలేదు. పాత మద్రాసు మణుగు 25 పౌండ్లు కాబట్టి, "పెట్టెకు రెండు మణుగులు అత్తా" అన్నాను. "ఓస్, అంతేనా!" అని వెంటనే అర్థం చేసుకుంది. పెట్టె కొలత కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. ఇంకో మోసం పెట్టెలోనే ఉంది. మంచి గట్టి పెట్టె అని వెతికి కొంటాం కదా, ఖాళీదే నాలుగైదు కేజీలుంటుంది. ఇరవై మూడు అనుకొని సర్దుతాం గానీ మనకు నిజంగా దక్కేది పద్దెనిమిదే. నేనైతే ఇకమీద పెట్టె కొనేటప్పుడు రంగు కన్నా ముందు బరువు అడుగుతాను.

23 దాటి 32 లోపు ఉంటే పెట్టె ఎక్కిస్తారు, డబ్బు కట్టించుకొని. ఈ దారుల్లో చాలాచోట్ల ఆ డబ్బు కేజీల లెక్కన ఉండదు, మొత్తంగా ఒకటే దెబ్బ. అర కేజీ ఎక్కువైనా, ఎనిమిది కేజీలు ఎక్కువైనా ఒకటే. 32 దాటితే డబ్బిస్తామన్నా తీసుకోరు. ఈ 32 నియమాన్ని మాత్రం నేను ఒక్క మాట అనను. ఎందుకంటే ఆ పెట్టెను లోపల ఎత్తేది ఒక మనిషి. మా నాయన మండీలో బుడ్డల మూటలు మోసి మోసి యాభై ఏళ్లకే నడుం పట్టేసిన మనిషి. మూటకు ఇంత మించకూడదని ఆయనకోసం ఎవరన్నా రాసిపెట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

నాకు కోపం వచ్చేది మిగతా వాటి మీద. లోకల్ విమానాల్లో మామూలుగా 15 కేజీలు. డబ్బు కలిసొస్తుందని హైదరాబాదు నుంచి ముంబైకి ఒక టికెట్టు, ముంబై నుంచి అమెరికాకి ఇంకో టికెట్టు విడిగా కొన్నారనుకోండి. మొదటి విమానం వాడికి మీరు అమెరికా పోతున్నారో, అత్తగారింటికి పోతున్నారో అనవసరం. రెండు పెట్టెల 46 కేజీల్లో 31 కేజీలకు డబ్బు కట్టమంటాడు. అక్కడ దిగాక అమెరికాలో లోపలికి పోయే విమానం విడిగా కొన్నా ఇదే కథ. ఒకే టికెట్టు మీద చివరి ఊరి దాకా ఉంటే ఈ బాధ తప్పుతుంది. టికెట్టు మీద మిగిలిన నాలుగు వేలు సామాను మీద పద్నాలుగు వేలై పోయిన ఇళ్లు మా చుట్టాల్లోనే రెండున్నాయి.

ఇంకా ఒక రకం టికెట్లు వచ్చాయి. చౌకగా ఉంటాయి, లోపల పెట్టె ఉండదు. చేతిసంచి మాత్రమే. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో డీజీసీఏ వీటికి అనుమతి ఇచ్చింది. సామాను లేనివాళ్లకు తక్కువ ధర అనేది మంచి మాటలాగే వినబడుతుంది. కానీ చౌక టికెట్టు వెతుక్కొని కొనేది ఎవరు? మొదటిసారి విమానం ఎక్కే మనలాంటివాళ్లమే. సామాను ఎక్కువుండేదీ మనకే. అలవాటైనవాళ్లు లాప్‌టాప్ సంచితో పోతారు, మనం సంసారంతో పోతాం.

ఒకప్పుడు ఈ డబ్బుల గోల అమెరికాలో కూడా లేదట. 2008లో చమురు ధరలు మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు లోపలి ప్రయాణాల్లో మొదటి పెట్టెకే 15 డాలర్లు పెట్టారు. మిగతా పెద్ద కంపెనీలు వెంటే నడిచాయి. చమురు ధర దిగింది గానీ పెట్టె ధర దిగలేదు. రెండు పెట్టెలు ఉచితం అని గొప్పగా చెప్పుకున్న సౌత్‌వెస్ట్ కూడా 2025 మే నెలాఖరున ఆ మాట వదిలేసింది. కష్టకాలంలో పెట్టిన పన్ను సుఖకాలంలో పోయిన దాఖలా ఏ రాజ్యంలోనూ లేదు, విమానాల రాజ్యంలో మాత్రం ఎందుకు పోతుంది!

డబ్బు తీసుకోవద్దని నేను అనడం లేదు. మన ఆర్టీసీ బస్సులో మూటకు లగేజీ టికెట్టు కొట్టడం లేదా? అయితే కండక్టరు మూట చూసి, మొహం చూసి, మన భాషలో చెబుతాడు. ఇక్కడ నియమం రెండు ఇంగ్లీషు అక్షరాల్లో దాక్కుంటుంది. తాడిపత్రిలో, అనంతపురంలో ఏజెంట్లు రోజూ ఈ టికెట్లు అమ్ముతున్నారు. "పెట్టెకు 23 కేజీలు, రెండూ కలపకూడదు, చేతిసంచి ఏడు" అని తెలుగులో ఒక్క ముక్క ఆ కాగితం వెనక రాసివ్వడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

పాపకి బయలుదేరే ముందురోజు ఒడి నింపాం. బియ్యం, రెండు ఎండుకొబ్బరి గిన్నెలు, పసుపు కొమ్ములు, వక్కలు, ఖర్జూరాలు. మా అత్త తన చేత్తో పోసింది. ఆ మూట అట్లనే పెద్ద పెట్టెలో పెట్టాం. అత్తారింట్లో అడుగుపెట్టాక వండుకొని తినాలి కదా. కౌంటర్ దగ్గర పెట్టె తెరిచి ఉండగా ఆ పిల్ల మూట చూసి, "ఎండుకొబ్బరి ఉందా ఇందులో?" అని అడిగింది. ఉందన్నాం. అది ఎక్కించకూడదట. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి మంట అంటుకునే సరుకుల జాబితాలో ఉందట. నేను నమ్మలేదు. మన దేవుడి గదిలో ఏళ్ల తరబడి ఉండేది బాంబుల వరసలో చేరడమేమిటి అనుకున్నాను. తర్వాత చదివితే నిజమే. అంతర్జాతీయ విమానాల ప్రమాదకర సరుకుల పట్టికలో కొబ్బరికి దాని నంబరు దానికుంది. ఓడల గోదాముల్లో కుప్పలు పోసిన కొబ్బరి అట్లా అంటుకుంటుందని తెలిసే పెట్టారు. రెండు గిన్నెలకు ఆ భయం ఉందో లేదో గానీ నియమం గిన్నెలు లెక్కపెట్టదు.

పాప మూట విప్పి గిన్నెలు తీసి నా చేతిలో పెట్టింది. నింపిన ఒడి నుంచి తీసి తల్లి చేతికి తిరిగివ్వడం! నా చేతులు వణికాయి. రోలు, రెండు కేజీల వేయించిన బుడ్డలు, కొబ్బరి గిన్నెలు నా దగ్గర మిగిలాయి. మిగతావి అటూ ఇటూ మార్చి పెట్టెలు మూశాం. బియ్యం మాత్రం పాప వదల్లేదు. పక్కబట్టల మధ్య పెట్టుకొని పోయింది.

అది కూడా దక్కలేదు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలన్నీ తీసుకొని కస్టమ్స్ దాటాలి, మళ్లీ వాళ్లకు అప్పజెప్పాలి. తినే వస్తువులున్నాయా అంటే పాప ఉన్నదున్నట్లు చెప్పింది. మన దేశం నుంచి వచ్చే బియ్యంలో ఖాప్రా అనే ధాన్యపు పురుగు వస్తుందని వాళ్లకు భయం. 2011 నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం రానివ్వడం లేదు. పచ్చి కరివేపాకు కూడా అంతే, దాని మీద వచ్చే పురుగు వాళ్ల నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోస్తుందట. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడి బియ్యం తీసి పక్కన పడేశాడట. ముందే చెప్పింది కాబట్టి జరిమానా లేదు. దాచి దొరికితే మాత్రం కట్టాల్సిందే. పచ్చళ్లు, పొడులు, నిప్పట్లు అన్నీ చేరాయి.

ఇది ఫోన్లో చెబుతూ పాప ఏడ్చింది. బియ్యం కోసం కాదులే అంది. నాకు తెలుసు.

పురుగుల నియమం తప్పని నేను అనను. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లకు తెగులు వస్తే పంట ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే ముందే తెలిసి ఉంటే? కువైట్ అక్క ఈ ముక్క విని, "ఆ బియ్యం ఈడనే పరమాన్నం వండి, పాపకి ఆడ్నే ఒడిలో పెట్టి తినిపించి పంపాల్సింది మ్మా. నేను పోయిన ప్రతిసారీ మా అమ్మ అట్లనే చేసేది. కడుపులో ఉన్నదాన్ని ఎవరు తూచ్చారు?" అంది. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, గల్ఫ్ వైపు పోయేవాళ్లుంటే వినండి. మనం మసాలాలో వేసే గసాలు దుబాయ్‌లో మత్తుపదార్థం కిందికి వస్తాయి. చిటికెడున్నా జైలు దాకా పోయే వ్యవహారం. మసాలా పొడి పొట్లం కట్టేది మనమే, పట్టుబడేది మన పిల్లలు.

పెట్టె పోయినా, చినిగినా ఏం చెయ్యాలో కూడా చెప్పి ఆపుతాను. ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకముందే అక్కడే రాసిచ్చి కాగితం తీసుకోవాలి. చినిగితే ఏడు రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. పోయిన పెట్టెకు అంతర్జాతీయ ప్రయాణాల్లో ఎక్కువలో ఎక్కువ సుమారు రెండు వేల డాలర్ల దాకానే బాధ్యత. అందుకని బంగారం పెట్టెలో పెట్టకండి. ఫోన్లకు పెట్టుకునే పవర్ బ్యాంకు కూడా పెట్టెలో వద్దు, చేతిసంచిలోనే ఉండాలి. వందల్లో దొరికే వేలాడే తూకం ఒకటి కొన్నాను. వీధిలో నాలుగిళ్లకు తిరిగింది ఇప్పటికే.

కొబ్బరి గిన్నెలు ఇంటికి తెచ్చి ఎవరికీ చెప్పకుండా బియ్యం డబ్బా వెనక పెట్టాను. మా అత్తకు ఎనభై దగ్గర పడుతున్నాయి. అపశకునం అనుకుంటుందని భయం. వారం తర్వాత వీడియో కాల్‌లో పాపని అడగనే అడిగింది, "ఒడిబియ్యం వండుకున్నారా మ్మా?" అని. పాప నా వైపు చూసింది, అంటే ఫోన్లో నా మొహం ఉన్న వైపు. "వండుకున్నాం అవ్వా, పరమాన్నం చేసినా" అంది. "కొబ్బరి?" "తురిమి పైన ఏసినా." మా అత్త తృప్తిగా తల ఊపింది.

వచ్చే నెల మా చిన్నాయన మనవరాలు చదువుకోవడానికి పోతోంది. మా పిన్నమ్మ అప్పుడే బుడ్డలు వేయించడం మొదలుపెట్టిందని తెలిసి ఫోన్ చేశాను. ముందు టికెట్టు నాకు పంపించు, తర్వాత పొయ్యి వెలిగిద్దువు అన్నాను. నాలుగు రోజులైంది. ఇంకా రాలేదు. అది పిల్ల వాళ్ల నాన్న ఫోన్లో ఉందంట.